పైపుల సారు నీలం గీత

"మేడం, ఈ గీత మీదికెల్లి రంగు ఏసేస్తున్న" అన్నాడు పెయింటరు, బ్రష్షును డబ్బాలో ముంచుతూ.

"ఏసి చూడు. నీ బ్రష్షు మోరీల తేలుతది" అన్నాను.

పాపం, బెదిరిపోయాడు. నా నోరు అలాంటిది. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు "ఇది కాదండీ, దీనికన్నా జర లేతది" అనే గిరాకీల మాట వింటూ బతికే దుకాణందాన్ని. నా గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది.

మా కాంప్లెక్సు వెనక గల్లీ గోడ అది. ఆబిడ్స్ మెయిన్ రోడ్డు నుంచి చూస్తే మా కాంప్లెక్సుకు అద్దాలూ, బోర్డులూ, లైట్లూ ఉంటాయి. వెనక గల్లీలోకి వస్తే అసలు మొహం కనిపిస్తుంది. మూత లేని మురుగు మోరీ, ఏసీల నుంచి కారే నీళ్లు, గోడలోంచి నడుమెత్తున బయటికి పొడుచుకొచ్చి, గోడ వెంబడే పక్కకు తిరిగిన ఒక ఇనుప పైపు. ఆ పైపు మూతికి కాస్త దూరంలో, పై అంతస్తు సజ్జ కింద, గోడ మీద నిలువుగా ఒక నీలం గీత.

"దేని గీత మేడం? కొలతనా? కొలతైతే రెండుండాలె గదా, ఒక్కటే ఉన్నదేంది?" అన్నాడు పెయింటరు, నా కోపం కాస్త దిగిందని చూసుకుని.

మంచి ప్రశ్నే అడిగాడు. కానీ జవాబు చెప్పాలంటే పైపుల సారు గురించి చెప్పాలి. ఆయన గురించి మొదలుపెడితే నాకు ఆపడం రాదు. అతనికి చాయ్ తెప్పించి, గీత చుట్టూ వదిలేసి రంగు వేయమని చెప్పి కిందికి వచ్చేశాను. కళ్లు మండాయి. పెయింటు వాసనకని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, కాదు.

మాది సెల్లార్‌లో మ్యాచింగ్ సెంటరు. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్, లంగాలు. ఒక మూలన మా ఆయనది బట్టలకు గంజి పెట్టి, రోలర్ల మీద సాపు చేసే రోల్ ప్రెస్ పని. మా ఆయన పెట్టిన గంజికి ఆబిడ్స్ నుంచి హిమాయత్‌నగర్ దాకా పేరుంది. చీర మీద ఒక్క గడ్డ కనిపిస్తే ఆ పూట అన్నం తినడు. ఆ పట్టుదలే తర్వాత ఎంత పని చేసిందో చెబుతాను.

సారు మొదట గంజి కోసమే వచ్చాడు. నాంపల్లిలో మేడ మీద ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కడే ఉండేవాడు. పొట్టి మనిషి, తెల్ల కాటన్ చొక్కాలు తప్ప వేరే వేసేవాడు కాదు. ఆ చొక్కాలకు గంజి ఎంత పట్టించమనేవాడంటే, మనిషి కూర్చున్నా చొక్కా నిలబడే ఉండేది. చేతిలో గుడ్డ సంచీ. సంచీలో ఒక నీళ్ల సీసా, ఒక చిన్న డబ్బీ, సీజన్‌లో అయితే బెండకాయలు. డబ్బీ చూసి నేను నశ్యం అనుకున్నాను. ఇంత పెద్దమనిషికి ఈ అలవాటేమిటని లోలోపల విసుక్కున్నాను కూడా.

అది శ్రావణమాసం. కౌంటరు ముందు ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు. నెమలికంఠం రంగు లైనింగు ఒకే ఒక్క ముక్క మిగిలితే దాని ఒక కొస ఒకావిడ చేతిలో, ఇంకో కొస ఇంకొకావిడ చేతిలో. ఇద్దరూ గుంజుతున్నారు, నేను మధ్యలో అరుస్తున్నాను. గోడవారగా నిలబడి ఇదంతా చూస్తున్న సారు ముందుకొచ్చి, డబ్బీ మూత తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

"జర్రంత సోంపు తినుండ్రి అమ్మా" అన్నాడు.

సోంపు ఎవరు కాదంటారు? ఒకావిడ గుడ్డ వదిలి చిటికెడు తీసుకుంది, రెండో ఆవిడా తీసుకుంది. నమలడం మొదలయ్యాక అరవడం కుదరదు కదా. "మీ చీర ఏడ తీసుకున్నరమ్మా? గీ అంచు మంచిగున్నది" అని మొదటావిడను అడిగాడు. ఆవిడ చీర కథ చెప్పుకొచ్చింది, రెండో ఆవిడ వింది. నేను కత్తెర తీసి ముక్కను రెండు చేశాను. ఇద్దరికీ సరిపోయింది. అసలు మొదటి నుంచీ సరిపోయేదే.

"ఏం జేసిన్రు సార్ మీరు?" అన్నాను ఆశ్చర్యపోయి.

"నా ఉద్యోగమే జేసిన బిడ్డా" అన్నాడు. "నేను ఎవ్వర్ని తొయ్యను, నడుమల కొట్లాట తగ్గిస్త. గంతే."

ఆ ఉద్యోగమేమిటో ఆ రోజు చెప్పలేదు. మరో వారానికి, గిరాకీ లేని మధ్యాహ్నం నేను కౌంటరు మీద పేపరు పరుచుకుని బెండకాయలు తరుగుతుంటే వచ్చాడు. వచ్చీ రాగానే నా చేతిలోని కత్తి తీసుకుని పైకెత్తాడు. కాయకూ కత్తికీ మధ్య జిగురు తీగలా సాగింది. మెల్లగా ఇంకా పైకెత్తాడు, తీగ తెగలేదు. ఆ ముఖంలో ఆనందం చూడాలి, ఇంట్లో మనవడు పుట్టినట్టు.

"గిదే నా ఉద్యోగం" అన్నాడు.

"బెండకాయలు అమ్మేటోళ్లా మీరు?"

"తీగ బిడ్డా, తీగ!" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "పైపుల నీళ్లు సక్కగ పోతయనుకుంటవా? జోరుగ పోతుంటే లోపట అన్నీ సుడులే. ఒకదాన్నొకటి గుద్దుకుంటయ్, గోడకు కొట్టుకుంటయ్. నీ కౌంటర్ ముంగట ఆడోళ్ల లెక్క. మోటరు బలమంత ఆ లొల్లికే ఖర్చైతది, ముందుకు తోసెతందుకు మిగిలేది జర్రంత. గందుట్ల గిసువంటి పొడుగు తీగలు చిటికెడు కలిపినవనుకో, అవి గోడ పక్కపొంటి సుడులను లేవనియ్యవు. మోటరు అదే, పైపు అదే, నీళ్లు ఎక్కువ పోతయ్."

"బెండకాయ ఏస్తేనా?" అన్నాను నేను, నవ్వు ఆపుకోలేక.

"బెండకాయతోని గూడ అయితది. మేము నూనె పైపులల్ల వేరే మందు వాడినం. ఫ్యాక్టరీల చేసింది. పనైతే ఇదే."

ఆయన ఉద్యోగమంతా ముడిచమురు పైపులైన్ల దగ్గర గడిచింది. పంపు స్టేషన్లలో ఈ మందు చమురులోకి ఎక్కించడమే ఆయన పని. పైపేమో భూమిలో ఉంటుంది. ఈ కొసన చిటికెడు మందు పడితే, ఎన్నో ఊళ్లు దాటాక ఆ కొసన చమురు ఎక్కువ వస్తుంది. ఈయన మాత్రం జీవితమంతా ఈ కొసనే కూర్చుని మీటరు ముల్లు చూశాడు. ఆఫీసులో కొందరు ఆయన్ను జిగురు సారు అనేవారట. చమురులో జిగురు పోస్తే చమురు జోరుగా పోతుందా, లెక్కలు దిద్దుతున్నావా అని ఎకసెక్కాలాడేవారట.

"వంట నేను జేసిన బిడ్డా. తిన్నోని మొఖం ఒక్కసారన్న చూడలె" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. నేనూ చేతిలోని బెండకాయ కింద పెట్టాను.

అప్పటి నుంచి సారు మా దుకాణం మనిషి అయిపోయాడు. గిరాకీ ఉన్న రోజు ఠంచనుగా వచ్చి మూల స్టూలు మీద కూర్చునేవాడు. గిరాకీ లేని రోజు గడప దగ్గరే నిలబడి లోపలికి ఓసారి చూసి, "ఇయ్యాల నీ దుకాణం నిమ్మళంగ పారుతున్నది. నిమ్మళంగ పోయే నీళ్లకు నాతోని పని లేదు" అని వెళ్లిపోయేవాడు. నాంపల్లి ఇరానీ హోటల్‌లో చాయ్‌ని చెంచాతో ఒక్కసారే, అదీ మెల్లగా తిప్పేవాడు. పక్క టేబుల్ వాళ్లు టకటకా తిప్పితే ముఖం చిట్లించుకునేవాడు. చాయ్‌లో తీగలేముంటాయి సార్ అంటే, అలవాటు బిడ్డా అనేవాడు. ఉప్మాలో ఉప్పు నుంచి పెళ్లిలో మాటసాయం దాకా అన్నిటికీ ఒకే సూత్రం: జర్రంత చాలు. ఎక్కువైతే మందే అడ్డం పడుతుంది, నీళ్లు పాయసమవుతాయి.

ఇంకొక మాట ఉండేది ఆయనకు. రీడింగ్. వేడిగా ఉందంటే రీడింగ్ ఎంత అనేవాడు. జ్వరమంటే రీడింగ్. మా ఆయన "నిన్నటికన్నా ఇయ్యాల గిరాకీ మంచిగున్నది సార్" అంటే, "నిన్న రీడింగ్ తీసినవా? మరి ఎట్ల చెప్తవ్?" అనేవాడు. మా ఆయనకు ఒళ్లు మండేది. నాకు మాత్రం సరదాగా ఉండేది, మా ఆయన నోరు మూయించగలిగిన మగవాడు ఆబిడ్స్‌లో ఆయనొక్కడే కాబట్టి.

పోయినేడు వానాకాలం ముందు సేట్ కిందికి దిగివచ్చాడు. సేట్ అంటే కాంప్లెక్సు యజమాని. ఆయన సెల్లార్ మెట్లు దిగాడంటే ఏదో కీడు ఉన్నట్టే. వాన గట్టిగా కొడితే రోడ్డు నీళ్లు ర్యాంపు మీదుగా సెల్లార్‌లోకి దిగుతాయి. మూలన గుంత ఉంది, గుంత దగ్గర మోటరు, మోటరు నుంచి పైపు. దగ్గర మోరీ వానకు నిండిపోతుంది కాబట్టి పైపును సెల్లార్ లోపలే చుట్టూ తిప్పి వెనక గల్లీ దాకా పట్టుకెళ్లారు. అంత పొడుగు పైపులో నీళ్లు నీరసపడి పోతాయి. వచ్చే నీళ్లు ఎక్కువ, పోయే నీళ్లు తక్కువ. అంతకు ముందేడు మోకాళ్ల దాకా వచ్చి నా లైనింగులన్నీ ఒకదాని రంగు ఒకటి పూసుకున్నాయి.

"ఇగో చూడమ్మా" అన్నాడు సేట్. "సెల్లార్ అంటే బండ్లు పెట్టెతందుకు. ఊకె అడుగుతున్నరు మున్సిపల్ ఆఫీసోళ్లు. ఈసారి గిట్ల దుకాణాలల్లకు నీళ్లు వచ్చినయంటే, దసరాకు అందరు ఖాళీ చెయ్యాలె. పార్కింగ్ చేస్త."

"పెద్ద మోటరు పెట్టించుండ్రి సేట్."

"కరెంటు లోడ్ లేదు. పైపు పాతది, పలుగుతది. నేనేం చెయ్యాలె?"

ఆయన పోయాక నాకు ఏడుపొచ్చింది. ఆబిడ్స్‌లో ఇంకో దుకాణం మా తరమా? మా అత్తగారు రుమాలులో గుండీలు పెట్టుకుని అమ్మిన చోటది. మా ఇద్దరి బతుకూ ఆ గదిలోనే ఉంది. స్టూలు మీద సారు అంతా విన్నాడు. ఆయన కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. నాకు కోపమొచ్చింది.

"మా కొంప మునుగుతుంటే మీకు పండుగ లెక్క ఉన్నదా సార్?"

"మోటరు మార్చొద్దు. పైపు మార్చొద్దు" అన్నాడు లేచి నిలబడి. "ఇసువంటి పైపు కోసమే బిడ్డా నేను బతుకంత చూసిన. రెండు కొసలు నడిచి పోయేటంత దగ్గర ఉన్న పైపు."

అప్పుడర్థమైంది నాకు. నాకు దుకాణం నిలవాలి. ఆయనకు ఆ కొసన నీళ్లు ఎలా వస్తాయో కళ్లారా చూడాలి.

తొలివానకు ఆయన చేసిన మొదటి పని రీడింగ్ తీయడం. నా కౌంటరు మీది దర్జీ సుద్ద, నీలం రంగుది, తీసుకుని వెనక గల్లీకి పోయాడు. మోటరు నడుస్తుంటే పైపులోంచి నీళ్లు చీలికలు పేలికలుగా ఉరికి, గోడ పక్కన మోరీలో ఎక్కడ పడుతున్నాయో సరిగ్గా అక్కడ గోడ మీద నిలువు గీత గీశాడు.

"ఇది మందు లేని గీత. మందు ఏసినంక ఇంకో గీత గీస్త. మొదటి గీత లేకుంటే రెండోదానికి ఇలువ లేదు" అన్నాడు.

మందు అంటే నీళ్లు శుద్ధి చేసేచోట మట్టిని అడుక్కు దింపడానికి వాడే తెల్ల పొడి. దాన్ని మా ఆయనకు ఇచ్చి, డ్రమ్ము నీళ్లలో రాత్రంతా నానబెట్టమని చెప్పి వెళ్లాడు. మర్నాడు పొద్దున మా ఆయన మూత తీస్తే డ్రమ్ము నిండా గడ్డలు. పైన జిగట, లోపల పొడి పొడిగా. గంజిలో గడ్డ చూసిన మా ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంటి నుంచి పెద్ద మిక్సీ తెచ్చాడు. జార్ల కొద్దీ తిప్పాడు. గుడ్డలో వడకట్టాడు కూడా. సారు వచ్చేసరికి డ్రమ్ములో అద్దంలాంటి ద్రావణం. మా ఆయన చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు, మెచ్చుకుంటాడని.

సారు వేలు ముంచి పైకెత్తాడు. చుక్క టప్పున పడింది. మళ్లీ ముంచాడు. తీగ రాలేదు.

"ఏం జేసినవయ్యా?"

"మిక్సీల ఏసిన సార్. ఒక్క గడ్డ లేదు చూడుండ్రి."

సారు స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. "తీగలన్ని తుంపలు తుంపలు చేసినవ్ గదయ్యా. ఇగ ఇందుట్ల ఏమున్నది? ఉత్త నీళ్లు, జర్ర జారుడు."

ఆ జారుడు మాత్రం పనిచేసింది. మెట్ల మీద ఒలికిన చోట సేట్ కాలు వేశాడు. వేసి, మిగతా మెట్లన్నీ కూర్చునే దిగాడు. పట్టు లాల్చీతో సహా నా గడప ముందుకు వచ్చి ఆగి, "ఇది నీళ్లను పంపే మందా, నన్ను పంపే మందా?" అని అరిచాడు. దెబ్బ తగల్లేదు కాబట్టి ఇప్పటికీ తలచుకుని నవ్వగలుగుతున్నాం. అప్పుడు మాత్రం నేను కౌంటరు కింద దూరి నోట్లో గుడ్డ కుక్కుకున్నాను.

నవ్వులయ్యాక మా కాంప్లెక్సు వాచ్‌మన్ యాదగిరి ఒక మాటన్నాడు. మోటరు పని కూడా చూసేది అతనే. "సార్, మిక్సీల రెక్కలుంటయ్. మోటర్ల గూడ రెక్కలే ఉంటయ్ గద. గుంతల పోస్తే మోటరు గూడ తుంపదా?"

"తుంపుతది. అందుకే మోటరు దాటినంక ఎక్కియ్యాలె. మా కాడ దానికి పెద్ద మిషిన్లుండె" అన్నాడు సారు దిగులుగా. "ఈడ మోటరు జోరుకు ఎదురుగ లోపటికి తోసేదేమున్నది?"

యాదగిరిది జనగామ దిక్కు. పత్తి వేసిన ఇల్లు. మరుసటి వారం ఊరికి పోయి భుజానికి తగిలించుకుని చేనుకు పురుగుమందు కొట్టే ఒక డబ్బా పట్టుకొచ్చాడు. చేత్తో గాలి కొడితే ఆ గాలి ఒత్తిడికి మందు బయటికి తన్నుకొస్తుంది. లోపల రెక్కలూ లేవు, తెంపేదీ లేదు. సారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి యాదగిరిని కౌగిలించుకున్నాడు. ప్లంబర్ని పిలిచి మోటరు దాటాక పైపుకు చిన్న ముక్కు బిగించి, డబ్బా గొట్టం దానికి తగిలించారు.

ఈసారి కలిపేటప్పుడు మా ఆయన్ను దగ్గరికి రానివ్వలేదు. "నువ్వు పొడి రాల్చు బిడ్డా, ఉప్మాల రవ్వ పోసినట్టు" అన్నాడు నాతో. నేను పైనుంచి సన్నగా రాలుస్తుంటే ఆయన ఒక కర్రతో మెల్లగా, నిద్రపోయే పసిబిడ్డ ఊయల ఊపినంత మెల్లగా తిప్పాడు. మర్నాడు వేలు ముంచి ఎత్తితే తీగ మూరెడు సాగింది. మా ఆయన కూడా వచ్చి చూసి, "ఔ మల్ల" అన్నాడు. ఆయన నోటి నుంచి అది చాలా పెద్ద మాట.

అసలు వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. పట్టపగలే ఆబిడ్స్ అంతా లైట్లు వేసుకుంది. కాసేపటికి ర్యాంపు మీద నీళ్లు పరుగు మొదలుపెట్టాయి. యాదగిరి గుంత దగ్గర జాలీకి అడ్డంపడే కవర్లు లాగుతున్నాడు. మా ఆయన గుడ్డల తానులు పై అరల మీదికి ఎక్కిస్తున్నాడు. నేను కింద నుంచి అందిస్తున్నాను. సారు స్టూలు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, డబ్బాలో గాలి కొడుతున్నాడు. నీళ్లు చీలమండ దాటాయి. నా గడప ఒక జానెడు ఎత్తు. దాన్నే చూస్తున్నాను.

ఆయన మాత్రం పైపును చూస్తున్నాడు. పైపు వెంట ఆయన కళ్లు గోడ దాకా పోయి అక్కడే ఆగిపోతున్నాయి. గోడ అవతల ఆ రెండో కొస ఉంది. ఈయన మళ్లీ ఈ కొసనే ఉన్నాడు.

చేతిలోని గుడ్డ తాను కింద పడేసి దగ్గరికి పోయాను.

"సార్, మీరు పోండ్రి. నేను కొడ్త."

"ఏడికి?"

"వెనకకు. పోయి చూడుండ్రి."

"నేను పోతే ఎట్ల బిడ్డా? గాలి ఒక్క తీరుగ కొట్టాలె. తక్కువైతే మందు పోదు, ఎక్కువైతే గొట్టం ఊడుతది. నీ దుకాణం..."

"నా దుకాణమే గదా! మునిగితే నేనే మునుగుత. బతుకంత ఈడనే కూసున్నరు మీరు. లేవుండ్రి!" అని అరిచాను. ఏం చేయను, నాకు ప్రేమొచ్చినా అరుపే వస్తుంది.

ఆయన లేచాడు. నా చేతిని డబ్బా పిడి మీద పెట్టి, దాని మీద తన చేయి పెట్టి రెండుసార్లు కొట్టి చూపించాడు. కౌంటరు మీది నీలం సుద్ద తీసుకుని మెట్లెక్కాడు. ఆయన చెప్పులు నీళ్ల మీద తేలుతూ మా రోల్ ప్రెస్ వైపు వెళ్లిపోయాయి.

నేను గాలి కొడుతూనే ఉన్నాను. భుజం పీకింది. నీళ్లు గడప అంచుకు ఒక వేలు కిందికి వచ్చాయి. కళ్లు మూసుకుందామనుకున్నాను. అప్పుడు పైపు చప్పుడు మారింది. అప్పటిదాకా గడగడా వణుకుతున్నది సన్నగా మూలగడం మొదలుపెట్టింది. యాదగిరి తలెత్తి, "అక్కా, ఇన్నవా?" అన్నాడు. విన్నాను. గడప వైపు చూస్తే నీళ్లు అక్కడే ఉన్నాయి. ఎక్కలేదు. డబ్బా ఖాళీ అయితే యాదగిరి మళ్లీ నింపాడు, మళ్లీ కొట్టాను. నీళ్లు ఆ వేలెడు దూరాన్ని వదిలి కొంచెం కొంచెంగా కిందికి దిగాయి. నేను ఏడ్చాను. బాగానే ఏడ్చాను.

వాన తగ్గింది. సారు రాలేదు. గల్లీలో జారిపడ్డాడేమోనని మా ఆయన వెతకడానికి మెట్లెక్కుతుంటే ఎదురొచ్చాడు. నిలువునా తడిసిపోయాడు. ఎప్పుడూ నిలబడి ఉండే ఆ గంజి చొక్కా ఒంటికి అతుక్కుపోయి, ఆయన ఇంత సన్నగా ఉంటాడా అనిపించింది.

"రీడింగ్ ఎంత సార్?" అన్నాడు మా ఆయన. పాత బాకీ తీర్చుకునే అవకాశం వదులుకుంటాడా!

సారు ఏదో గుర్తొచ్చినట్టు పిడికిలి విప్పాడు. సుద్ద లేదు. కరిగిపోయి మణికట్టు దాకా నీలం కారి ఉంది.

"గీత... గియ్యలేదు" అన్నాడు.

"అయ్యో, ఏమైంది సార్? దాటలేదా?" అన్నాను.

"దాటింది బిడ్డా. మస్తు దాటింది. చీలికలు లేవు, తుంపర లేదు. గాజు కడ్డీ లెక్క వచ్చింది. నేను చూసుకుంట నిలబడ్డ. గియ్యాలనేది యాదికి రాలే." మెట్టు మీద కూర్చున్నాడు. నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు, బుగ్గ మీద నీలం అంటింది. "నేను ఇన్నేండ్లు అబద్ధం చెప్పలే" అన్నాడు. మాకు కాదు, ఎవరికో.

సేట్ దిగివచ్చి, గోడ పట్టుకుని జాగ్రత్తగా, పొడిగా ఉన్న దుకాణాలన్నీ చూశాడు. "ఇయ్యాల మోటరు మంచి మూడ్‌ల ఉన్నట్టున్నది" అన్నాడు. ఇంకో రోజైతే సారు ఆయనకు గంటసేపు పాఠం చెప్పేవాడే. ఆ రోజు మాత్రం "ఔ సేట్, మంచి మూడ్‌ల ఉన్నది" అని ఊరుకున్నాడు. దసరాకు ఖాళీ మాట మళ్లీ ఎత్తలేదు సేట్. మేము ఇక్కడే ఉన్నాం.

రెండో గీత వచ్చే వానకు గీస్తానన్నాడు సారు. ఆ సీజనంతా మళ్లీ అంత వాన పడలేదు. సన్నవాన పడినప్పుడల్లా గడప దగ్గర నిలబడి, "దీనికి నాతోని పని లేదు" అని నవ్వుకుంటూ వెళ్లేవాడు. గోడ మీది సుద్ద గీత చెరిగిపోకుండా నేనే నీలం పెయింటుతో దిద్దాను.

చలికాలం ఒక ఆదివారం ఆయన రాలేదు. బయట ఫుట్‌పాత్ మీద పుస్తకాల గిరాకీ, లోపల మా గిరాకీ, ఆయన మాత్రం లేడు. యాదగిరిని నాంపల్లి పంపాను. అతను తిరిగి వచ్చిన నడకలోనే తెలిసిపోయింది. నిద్రలోనే పోయాడట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఏ చప్పుడూ లేకుండా. గంజికి ఇచ్చిన చొక్కాలు మా అరలో ఉండిపోయాయి. మా ఆయన పొయ్యి వెలిగించి, వాటిలో ఒక చొక్కా కోసం కొత్తగా గంజి కాచాడు. మిక్సీ తీయలేదు. చేత్తోనే, మెల్లగా కలిపాడు. ఆ చొక్కాతోనే సాగనంపాం.

ఈ ఏటి వాన పోయిన వారం వచ్చింది, మళ్లీ మధ్యాహ్నమే. డ్రమ్ములో తీగ సిద్ధంగా ఉంది. మా ఆయన తనే డబ్బా పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"నువ్వు పో. ఆ రెండో గీత గీసి రా. సారుది బాకీ ఉండొద్దు" అన్నాడు.

నీలం సుద్ద తీసుకుని మెట్లెక్కాను. వెనక గల్లీలో కొత్త రంగు వేసిన గోడ, మధ్యలో పెయింటరు వదిలేసిన పాత గోడ ముక్క, దాని మీద సారు గీత. పైపులోంచి నీళ్లు ఎప్పటిలాగే చీలికలుగా ఊడిపడుతున్నాయి, సరిగ్గా గీత దగ్గర. నిలబడ్డాను. కొంతసేపటికి ఆ చీలికలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు దగ్గరికి వచ్చాయి. తుంపర ఆగిపోయింది. నీళ్లు నున్నగా, తళతళా, గాజు కడ్డీలా సాగి గీతను దాటాయి. దాటి ఇంకా ముందుకు పోయాయి. ఎవరూ తోయకుండానే. సారు నిలబడింది ఇక్కడే. చూసింది ఇదే. అయ్యో సారూ, ఇంత బాగుంటుందని చెప్పలేదేం!

"ఎంత దూరం పడుతున్నదే?" మా ఆయన అరుపు సెల్లార్ వెంటిలేటర్‌లోంచి వచ్చింది. "గీసినవా?"

అప్పుడు గుర్తొచ్చి పిడికిలి విప్పాను. మణికట్టు దాకా నీలం.

"రీడింగ్ ఎంతనే?"

"దాటింది" అని అరిచాను. "గంతే రాసుకో."